రెండు కంప్యూటర్ల సాక్ష్యం

మా కౌంటీ అంబులెన్స్ ఆఫీసు వెనకగదిలో రెండు లినక్స్ కంప్యూటర్లున్నాయి. ఏ బండి ఎప్పుడు కదిలిందో అవి రాసుకుంటాయి. వాటి మొహం చూసే దిక్కు నేనొక్కణ్ణే. బయటి ఇంటర్నెట్ తగిలించొద్దని పైవాళ్ళు తెగేసి చెప్పడంతో, సరైన టైము అందే దారి మూసుకుపోయింది. అప్పటికి పని గడవాలి కదా అని దీన్ని చూసి అదీ, దాన్ని చూసి ఇదీ టైము దిద్దుకునేలా అమర్చాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను. నా 'తర్వాత'ల సంగతి మా ఆవిడనడగాలి.

రెండూ రోజుకో సెకను చొప్పున ముందుకు జరిగాయి. ఒకదాన్నొకటి అడిగి, సరిగ్గానే ఉన్నామనుకున్నాయి. దొందూ దొందే.

ఏడాదిన్నర తర్వాత ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం లాయిడ్ అనే రైతు పశువుల కొట్టంలో గుండె పట్టుకుని కూలిపోయాడు. అతని భార్య ఫోను చేస్తే ఎత్తింది వెర్నా. ఇరవై ఆరేళ్ళుగా ఫోన్లెత్తి బండ్లు పంపే కుర్చీలో కూర్చుంటున్న మనిషి. అంబులెన్స్ చేరేసరికి లాయిడ్ ప్రాణం పోయింది.

విచారణలో ఫోన్ కంపెనీ కాగితం ప్రకారం ఫోను వచ్చింది రెండు గంటల ఒక నిమిషానికి. మా కంప్యూటర్ ప్రకారం బండి కదిలింది రెండు గంటల పన్నెండు నిమిషాలకి. రెండు నిమిషాల్లో పంపానని వెర్నా మొత్తుకుంది. రెండో కంప్యూటర్ ఏమంటోందని నన్నడిగారు. చూశాను.

"రెండూ ఒకే మాట చెబుతున్నాయండీ," అన్నాను. ఆ మాటతో వెర్నా తొమ్మిది నిమిషాలు ఆలస్యం చేసిందని తేల్చారు, ఆమె ఉద్యోగం పోయింది.

ఈ అక్టోబరులో బయటి టైముకు కలుపుకోవడానికి అనుమతి వచ్చింది. సెట్టింగుల ఫైల్లో రెండు వరుసలు మార్చాను. కంప్యూటర్లు పదమూడు నిమిషాలు ముందున్నాయని తేలింది. వెనక్కి లెక్క కడితే ఫిబ్రవరి నాటికి తొమ్మిది. పైవాళ్ళకు కాగితం రాసిచ్చి తిన్నగా వెర్నా ఇంటికి వెళ్ళాను. పెనం మీద లెఫ్సా రొట్టె కాలుస్తోంది.

"తప్పు నాదండీ. మీరు రెండు నిమిషాల్లోనే పంపారు," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పొయ్యి ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ మిషన్లు రెండూ అంత గట్టిగా చెప్పేసరికి నేనూ నమ్మేశాను క్లేటన్. లాయిడ్ పెళ్ళాం దగ్గరికెళ్ళి తప్పు నాదేనని ఒప్పేసుకున్నా. ఆ తొమ్మిది నిమిషాలూ ఏం చేస్తూ కూర్చున్నానని అడిగింది. గుర్తు రావట్లేదమ్మా, గుర్తొస్తే వచ్చి చెబుతానన్నాను. అప్పట్నుంచీ రోజూ గుర్తు తెచ్చుకుందామనే చూస్తున్నా."