ఏడో నంబరు

ఆ ఫొటోలో నలభై స్టూళ్ళున్నాయి. మనిషి మాత్రం లేడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు సూర్యాపేట అవతలున్న ఓ డిగ్రీ కాలేజీలో బయాలజీ ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడి, సెల్‌ఫోన్‌తో ఆ ఒక్క ఫొటో తీసుకుని, టీ తాగి కారెక్కారు. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. విద్యార్థుల హాజరు సున్నా కాబట్టి బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ రద్దు. సోమవారం నుంచి ఆ ల్యాబ్ కంప్యూటర్ల గది.

ఆ ఫొటో తీసిన పూట అఖిల తుంగతుర్తి దగ్గర మంగ్త్యా తండాలో మోకాలి లోతు బురదలో ఉంది. నాట్ల కాలం. కూలోళ్ళను పెట్టి నాటు వేయించుకునే తాహతు తండాలో ఎవరికీ లేదు. నీ మడిలో నేను, నా మడిలో నువ్వు అని బదులు పనితోనే అందరి నాట్లూ పడతాయి. తల్లి సుక్కితో కలిసి అఖిల పది రోజులు తమదీ కలిపి పన్నెండు ఇళ్ళ మళ్ళలో, ఆడవాళ్ళ వరసలో మునుం పట్టి నారు నాటింది. కాలేజీలో దసరాకు సెలవుంది, దీపావళికి సెలవుంది, నాట్లకు లేదు. ఆ సెలవులు రాసినవాళ్ళు అన్నమైతే మూడు పూటలా తింటారు.

మొదట్లో ఏడుగురు చేరారు. ఆకులూ కప్పలూ చదివితే ఏం ఉద్యోగమొస్తుందని ఆఫీసులోకి ఒక్కొక్కరినే పిలిచి కామర్స్‌కు మార్చారు. అందరికంటే చివర పోయింది రచన. అఖిలతో ఒకే బస్సులో, ఒకే సీట్లో వచ్చిన నేస్తం. ఆ తర్వాత మొహం చెల్లక వెనక సీట్లో కూర్చునేది. అఖిల పక్క సీటు ఖాళీ. ల్యాబ్‌లో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తే ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడేది. ఏడుపొచ్చేది. వినేవాళ్ళు లేని చోట ఏడవడం కూడా దండగే అనిపించి మానేసేది.

గెస్ట్ లెక్చరర్ రాజారత్నం సార్ మాత్రం రోజూ ఏడు నంబర్లూ పిలిచేవాడు. రిజిస్టర్‌లో పేర్లు ఇంకా కొట్టేయలేదు గనక పిలవడం తన పని అనేవాడు. ఆరు నంబర్లకు గోడలు వినేవి. ఏడో నంబరుకు అఖిల పలికేది.

తానూ మారిపోవచ్చు కదా? పోలేకపోయింది. నిరుడు తండా వరికి అగ్గితెగులు పట్టింది. మందుల షాపువాడు మడి మొహం చూడకుండానే మూడు డబ్బాలు అంటగట్టాడు. మందూ పోయింది, పంటా పోయింది. ఆ ఎండిన ఆకును ఈ గదిలో మైక్రోస్కోప్ కింద పెట్టి, తండాను ముంచిన తెగులు బూజును అఖిల మొదటిసారి కళ్ళారా చూసింది. కోదాడలో ప్రైవేటు కాలేజీలో ఇదే చదువుంది గానీ, అది ఉన్నవాళ్ళకు.

ఆదివారం తండాలో అందరూ కూడారు. ఒక్క పిల్ల కోసం సర్కారుతో కొట్లాటేంటని, కామర్స్‌కే పొమ్మని తండ్రి కిష్ట్యా అన్నాడు. మగవాళ్ళలో చాలామంది తలూపారు. మనమే పనికి తీసుకుపోయి పిల్ల చదువు ముంచామని, నాట్లలో వాళ్ళతో కలిసి వంగిన నీరజ అనేసరికి వాదులాట ముదిరింది. సుక్కి లేచింది.

"మునుంల ఒక్కతి ఎనకబడితే ఏం జేస్తం? ఇరుపక్కలోళ్ళం ఆమె వంతు గూడ నాటి కలుపుకుంటం. నా బిడ్డ పది దినాలు మీ మళ్ళల్ల వంగింది. ఇగ బదులు రాండ్రి."

సోమవారం మొదటి బస్సుకు పన్నెండు ఇళ్ళ నుంచి పన్నెండుమంది ఆడవాళ్ళు దిగారు. మడికి కట్టే చీరల్లోనే వచ్చి ల్యాబ్ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ఉరికొచ్చి, ఇది కాలేజీయా, కూలీల అడ్డానా అని అడిగాడు. సుక్కి లేవలేదు.

"పిల్లను పనికి తీస్కపోయింది మేము సారూ. సున్నా ఏస్తే మా మీద ఏయిండ్రి. సదువు మీద ఏస్తరెందుకు?"

ఆయన ఫోన్ చేయడానికి వెళ్ళాడు. ఆ సందులో అఖిల నిరుటి ఆకు స్లైడు పెట్టి ఒక్కొక్కరికీ చూపించింది. సుక్కి ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"గీన్నేనా మనం సూడకుండ మందు గొట్టింది? షాపోడు సూసిండా?"

"సూడలే యాడీ," అంది కూతురు.

"మరి గీ గదికి తాళమేస్తే ఇగ ఎవరు సూడాలె?"

అంతలోనే పోలీసులు వచ్చారు. మీ లీడరెవరని అడిగితే పన్నెండుమందీ చెయ్యెత్తారు. ఒక్కొక్కరినీ రెక్క పట్టి వ్యానెక్కించారు. అఖిల కూడా పరుగెత్తి మెట్టు మీద కాలు పెట్టింది. సుక్కి లోపలి నుంచే ఆమెను వెనక్కి నెట్టింది.

"నువ్వు ఎక్కితే ఇయ్యాల గూడ సున్నా రాస్తరు. పోయి నీ జాగల కూసో."

వ్యాన్ పోయింది. వరండా ఖాళీ అయింది. అఖిల వెనక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. పన్నెండు స్టూళ్ళ మీద మడి మట్టి అంటుకుని ఉంది. ఇంతమంది వచ్చి పోయాక మిగిలిన ఒంటరితనం మునుపటికంటే బరువుగా ఉంది. అటెండర్ జంగయ్య తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెయ్యవేమని ప్రిన్సిపాల్ అరిస్తే, మనిషి లోపలుంటే తాళమెట్ల ఏస్తం సార్ అని తల వంచుకున్నాడు.

రాజారత్నం సార్ లోపలికి వచ్చి రిజిస్టర్ తెరిచాడు. రేపు ఈ ఉద్యోగం ఉండదని ఆయనకు తెలుసు. ఒకటి అన్నాడు. ఆగాడు. రెండు, మూడు, నాలుగు, అయిదు. గోడలు విన్నాయి.

"ఆరు."

"ప్రెజెంట్ సార్."

కిటికీ బయట రచన. చంకలో కామర్స్ పుస్తకం, మొహమంతా కన్నీళ్ళు. జంగయ్య పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె వచ్చి అఖిల పక్కన మట్టి అంటిన స్టూలు మీద, మట్టి తుడవకుండానే కూర్చుంది.

సార్ ఏడు పిలవలేదు. రిజిస్టర్ చేతిలో పట్టుకుని వరండాలోకి నడిచాడు. ఎదుటి కామర్స్ గదుల దాకా వినబడేలా మళ్ళీ మొదటి నుంచి పిలిచాడు.

"ఒకటి."