ఆదర్శ కాలనీ మంచినీళ్ళు

మా పేట వాళ్ళకి కడుపు మాడినా ఫరవాలేదు, ఇంటికొచ్చినవాడు మాత్రం త్రేన్చి వెళ్ళాలి. ఈ జబ్బుని విశాఖలో ఓడెక్కినప్పుడే వలలతోపాటు మూటగట్టి ఈ దీవికి తెచ్చుకున్నారు. నేను చర్చికి పోయేదాన్ని, వాళ్ళు గంగమ్మకి మొక్కేవాళ్ళు. ఈ ఒక్క జబ్బులో మాత్రం మాకూ వాళ్ళకీ తేడా లేదు.

బ్రూక్షాబాద్ కొండ దిగువన మా ఇళ్ళు. కొండమీద సర్కారు క్వార్టర్లు. పైనుంచి దిగే మురుగుకాలవ మా ఇళ్ళ మధ్యనుంచి, సరిగ్గా బావిని రాసుకుంటూ సముద్రంలోకి పోతుంది. బావి ఒరలు ఎప్పుడో పగిలాయి, మురుగు లోపలికి ఊరుతూనే ఉంటుంది. కుళాయి లేదని కాదు. మెయిన్‌లాండ్ నుంచి ఓడ ఎప్పుడొస్తుందో చెప్పొచ్చుగానీ ఆ కుళాయిలో నీళ్ళెప్పుడొస్తాయో చెప్పలేం.

ఆ వానల్లో కామమ్మ కూతురు అప్పలకొండకి కామెర్లొచ్చాయి. పిల్ల బతికి బట్టకట్టడమే గొప్ప. ఈ నీళ్ళు మళ్ళీ తాగిస్తే పిల్ల దక్కదని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. అప్పట్నుంచి కామమ్మ చేపల గంప దించడం, బిందె ఎత్తుకుని ఆస్టినాబాద్‌లో చుట్టాలింటి కుళాయికి పోవడం. అదొక్కటే బతుకైపోయింది దానికి.

అలాంటి రోజుల్లో, పాడైపోయిన బావులకీ కాలవలకీ ఢిల్లీ సాయం చేస్తోందని కబురొచ్చింది. ఇంజనీరు వచ్చి చూస్తాడు, కష్టం ఉందని రాస్తాడు, సొమ్ము వస్తుంది. మావాళ్ళు చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా కూర్చోవడం. అది వాళ్ళవల్ల కాలేదు.

"ఓలమ్మో, సర్కారు సాబొస్తే మురుక్కాలవ చూపిత్తావేట్రా? మన పరువేటవుద్ది?" అంది ముసలమ్మ తన కొడుకు, సంఘం పెద్ద అసిరయ్యతో.

"కాలవ చూపించడానికే గదత్తా ఆయన్ని రమ్మన్నది!" అంది కామమ్మ.

"నువ్వూరుకోయే. అంట్లగిన్నెలు నట్టింట్లో పెట్టుకుని సుట్టాల్ని పిలుత్తారేటి?"

ఆడవాళ్ళంతా తలలూపారు. నేను అరుగుమీద కుట్టుమిషను తొక్కుతూ, "వచ్చేది చుట్టం కాదమ్మా, డాక్టరనుకోండి. పుండు దాచిపెడితే మందేం రాస్తాడు?" అన్నాను. కిరస్తానం మేరమ్మకి మర్యాదలేం తెలుసని నా మాట గాల్లో వదిలేశారు.

ఇక చూడండి సంబరం. ఏనాడూ కాలవవైపు చూడని మగాళ్ళు పారలు పట్టుకుని అందులో దిగారు. గట్లకి సున్నం కొట్టారు. బావి చుట్టూ రంగుకాగితాలు కట్టారు. ఆస్టినాబాద్ నుంచి బిందెలకి బిందెలు మంచినీళ్ళు మోయించారు. మోసింది ఎవరనుకున్నారు? దారి తెలిసింది కామమ్మకే గదా.

ఇంజనీరు సాబ్ వచ్చాడు. వెంట ఆయన ఆఫీసు గుమాస్తా గణేశ్వరరావు. మన తెలుగువాడే, మన మాట సాబుకి చెప్పడానికి వచ్చాడు. వచ్చినవాడు నోరు విప్పింది కోనాం చేప వేపుడు తినడానికి.

"కోయీ తక్లీఫ్?" అనడిగాడు సాబ్. కష్టాలేమైనా ఉన్నాయా అని.

అసిరయ్య చేతులు జోడించాడు. "కుఛ్ నహీ సాబ్! ఆప్ కా దువా!" ఏమీ లేవు, అంతా మీ చలవ అని.

"సాబ్, మేరా బచ్చీ..." అంటూ పిల్ల సంగతి చెప్పడానికి కామమ్మ ముందుకొచ్చింది. ముసలమ్మ కొంగు పట్టి వెనక్కి లాగేసింది. సాబ్ గ్లాసెత్తి తాగాడు, "వాహ్, మీఠా పానీ!" అన్నాడు, మళ్ళీ అడిగి తాగాడు. మావాళ్ళ మొహాలు పెట్రోమాక్సు లైట్లలా వెలిగాయి.

కొండమీది వాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఇంజనీరు అక్కడికి వెళ్ళినరోజు కుళాయిలు కట్టేసి, ఆడవాళ్ళు ఖాళీ బకెట్లతో వరసగా నిలబడి కళ్ళొత్తుకున్నారట. సొమ్ము వాళ్ళకెళ్ళింది. కొత్త కక్కసులు వచ్చాయి, కొత్త గొట్టాలు వచ్చాయి. ఆ గొట్టాలు తీసుకొచ్చి మా కాలవలోకే వదిలారు. మాకు మాత్రం పచ్చరంగు బోర్డొచ్చింది, హిందీలో 'ఆదర్శ కాలనీ' అని. ముసలమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకైతే ఆ బోర్డు పీకి పొయ్యిలో పెట్టాలనిపించింది.

ఏడాది తిరిగేసరికి ఆదర్శం చూడ్డానికి ఢిల్లీ నుంచే పెద్ద సాబ్ దిగాడు. మళ్ళీ సున్నం, మళ్ళీ కాగితాలు. కామమ్మకి మళ్ళీ బిందె ఇచ్చారు. ఈసారి అది ఆస్టినాబాద్ పోలేదు. జీపులు మలుపు తిరుగుతుండగా, అసిరయ్య చూస్తుండగానే, మా బావిలో చేద వేసి తోడింది.

"ఓసే కామీ, ఏటే ఇది?" అన్నాడు అసిరయ్య.

"ఆదర్శం బావి నీల్లే మావా. ఆల్లు చూడ్డానికొచ్చింది దీన్నేగదా!"

గ్లాసులు నిండాయి, పళ్ళెంలో పెట్టారు. ఇంజనీరూ గణేశ్వరరావూ చెరో పక్కా నిలబడ్డారు. నీళ్ళెలా ఉంటాయని ఢిల్లీ సాబ్ అడిగాడు. అసిరయ్య బోర్డు వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"బహుత్ అచ్ఛా సాబ్," అన్నాడు, చాలా బాగుంటాయని.

అంతలో అప్పలకొండ ఆడి ఆడి చెమటతో వచ్చింది. బావి నీళ్ళు ముట్టకూడదని పిల్లకి తెలుసు. అయితే అతిథుల గ్లాసులో ఎప్పుడూ మంచినీళ్ళే ఉంటాయనీ తెలుసు. గ్లాసు తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

"తాగకే గుంటా! సచ్చిపోతావే!"

ఆ అరిచింది అసిరయ్యే. పిల్ల చెయ్యి పట్టుకుని గ్లాసుని ఒక్క దెబ్బ కొట్టాడు. నీళ్ళు ఢిల్లీ సాబ్ బూట్లమీద పడ్డాయి.

"క్యా బోలా?" అన్నాడాయన, ఏమంటున్నాడని.

ఇంజనీరు గణేశ్వరరావు వంక చూశాడు. గణేశ్వరరావు చేతులు కట్టుకుని హిందీలో చెప్పాడు. "అతిథులు తాగకముందు పిల్లలు తాగకూడదని కోప్పడుతున్నాడు సర్. వీళ్ళ సంస్కారం అలాంటిది."

ఢిల్లీ సాబ్ కళ్ళు చెమర్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

కామమ్మ మాత్రం తొణకలేదు. ఇంకో గ్లాసు నింపి గణేశ్వరరావు చేతిలో పెట్టింది. "తో పహలే ఆప్ పీజియే బాబూజీ. ఆప్ భీ మెహమాన్ హై," అంది, సాబుకి అర్థమయ్యేట్టు. మీరూ అతిథేగా, ముందు మీరే తాగండని.

"హాఁ హాఁ, పీజియే," అన్నాడు ఢిల్లీ సాబ్.

గణేశ్వరరావు గ్లాసు మూతిదాకా తెచ్చాడు. వాసన తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంజనీరు బోర్డుని మొదటిసారి చూస్తున్నట్టు శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

అసిరయ్య ఇంకా పిల్ల చెయ్యి వదల్లేదు.

"హమ్ ఝూఠ్ బోలా సాబ్," అన్నాడు. "కువా మే నాలీ కా పానీ ఆతా. ఈ గుంట పోయినేడే మర్ జానే కా థా." అబద్ధమాడామని, బావిలో మురుగు కలుస్తోందని, పిల్ల పోయినేడే చచ్చిపోవాల్సిందని.

ఢిల్లీ సాబ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కాలవ గట్టుదాకా నడిచాడు. సర్కారు మనిషి అంతదూరం వెళ్ళడం నేను చూడ్డం అదే మొదలు. ఆయన సొమ్మిస్తాడో, ఇంకో రంగు బోర్డే పంపిస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

ముసలమ్మ మాత్రం నేలమీద కూలబడి నెత్తీ నోరూ కొట్టుకుంది. "పరువంతా గంగలో కలిపీసినారే!"

కామమ్మ పిల్లని చంకనేసుకుంది.

"గంగలో కాదత్తా, కాలవలో," అంది. "పరువు కొట్టుకుపోతే పోనీ. గుంట మిగిలింది."