రెండో సభ్యుడి పేజీ

మా ఇంట్లో అత్తయ్య నోటికి జంకనిది కుక్కర్ ఒక్కటే. ఆ తర్వాత కాస్తో కూస్తో నేను.

నాది శాసనసభ గ్రంథాలయంలో ఉద్యోగం. మా నియోజకవర్గం ఏర్పడి అరవై ఏళ్లయిందని, ఇప్పటిదాకా గెలిచినవాళ్ల గురించి తలా ఒక పేజీతో చిన్న పుస్తకం తయారుచేయమన్నారు. అందులో రెండో సభ్యుడు సాక్షాత్తూ అత్తయ్య నాన్నగారు. ఇక నా తిప్పలు చూడండి.

పెళ్లయిన పదిహేనేళ్లుగా ఆయన గర్జనల గురించి వినని వారం లేదు. లేచి నిలబడితే సభ దద్దరిల్లేదట. సరేనని ఆ ఐదేళ్ల సభా నివేదికలన్నీ దులిపాను. ఒక్కో సంపుటం చివర ఎవరు ఏ పేజీలో మాట్లాడారో పట్టిక ఉంటుంది. తాతగారి పేరు పక్కన అన్నిట్లోనూ ఖాళీ. ఒక్కదానిలో మాత్రం ఒక అంకె కనబడింది. ఆత్రంగా ఆ పేజీ తీశాను. ‘ఆ కిటికీ మూయించండి అధ్యక్షా, కాగితాలు ఎగిరిపోతున్నాయి.’ ఐదేళ్లకూ అదొక్కటే గర్జన.

పేజీలు మర్నాడే ప్రెస్‌కు వెళ్లాలి. ఇంటికొచ్చేసరికి అత్తయ్య వంటగదిలో బీన్స్ తరుగుతోంది.

“నాన్న పేజీ అయిందా అమ్మాయ్?”

“అవుతోంది అత్తయ్యా. ఆయన ఎక్కువగా దేని గురించి మాట్లాడేవారు?”

“వంతెన గురించి. నియోజకవర్గానికి హద్దులు గీసిన మహానుభావులు మధ్యలో ఏరుందని చూసుకోలేదు. సగం ఊళ్లు ఇటు, సగం అటు.”

“రికార్డుల్లో వంతెన లేదు. కిటికీ ఒక్కటే ఉంది,” అనేశాను. నా నోరూ తక్కువదేం కాదు.

అత్తయ్య చేతిలో కత్తి ఆగిపోయింది.

“కనిపెట్టేశావన్నమాట. నాన్నకి నత్తి. పదిమందిలో లేస్తే మాట పెగిలేది కాదు. అప్పుడు నాకు పదేళ్లు. నన్ను స్టూలెక్కించి, స్పీకర్ అనుకుని ప్రసంగం చదివేవాడు. నేను గరిటెతో డబ్బా మీద కొట్టి, సభ్యులు క్లుప్తంగా ముగించాలి అనేదాన్ని.”

“అప్పట్నుంచే ఇంతా మీరు?”

“వేళాకోళం చాలు. ఆ పేజీ ఖాళీగా ఉంటే నేను తట్టుకోలేను,” అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత గోడకేసి చూస్తూ మొదలుపెట్టింది. “అధ్యక్షా, మా ఏటికి అవతల కూడా మనుషులున్నారు. వాళ్లు ఓటుకి పడవలో వస్తారు...”

“పురిటికీ పడవలోనే వస్తారు. కొందరు పిల్లలు ఏటి మధ్యలోనే పుడతారు,” అని నేను అందుకున్నాను.

“నీకెలా తెలుసు?”

“పొద్దున్నే మూడో సభ్యుడి పేజీలో ఎక్కించాను. వంతెన తెచ్చిన ప్రసంగం అది. మహావక్తని ఆయనకు పేరొచ్చింది దాంతోనే.”

అత్తయ్య కత్తి పక్కన పెట్టేసింది.

“ఓడిపోయిన మర్నాడు నాన్నే వెళ్లి ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టాడు. ‘నీకు గొంతుంది, చదువు’ అన్నాడట. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు. అది చెప్పలేకే కదా, ఇన్నాళ్లూ గర్జనలు కల్పించింది.”

ఆధారం లేకుండా ఒక్క ముక్క రాయనిదాన్ని. ఆవిడ చెప్తుంటే ప్రసంగమంతా రెండో సభ్యుడి పేజీలో రాసుకున్నాను. అడుగున ‘ఆధారం: ఆయన కూతురికి కంఠతా వచ్చు’ అని చేర్చాను. చదివి వినిపిస్తుంటే ప్రతి వాక్యం దగ్గరా నేనే ఆగిపోయాను.

“అలా ఆగి ఆగి చదవకు,” అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ. “నా ముందు నాన్న ఎక్కడా తడబడలేదు.”