ఎర బుట్టలు కట్టే చెయ్యి

టమాటా తోటలో ఎర బుట్టలు కట్టడం ఆమె పని. ఆడ రెక్కలపురుగు వాసన పట్టించిన రబ్బరు బిళ్ళ ఒకటి బుట్టలో పెడితే చాలు, కాయలు తొలిచే జాతి మగపురుగులు వెతుక్కుంటూ వచ్చి అందులో పడతాయి. ఆ బిళ్ళని ఉత్తచేత్తో ముట్టుకోకూడదు. ఆ రోజు గ్లౌజు చిరిగింది. "ఏమవుతుందిలే" అనుకుని నలభై బిళ్ళలూ ఉత్తచేత్తోనే పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా మొగుడు ఎదురొచ్చాడు. పొద్దుటి నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం. గట్టు జారుతోందని అతను మాటా పలుకూ లేకుండా చెయ్యి అందించాడు. ఆమె కూడా మూతి బిగించుకునే పట్టుకుంది.

ఇంటి మెట్ల మీద కూర్చున్నారో లేదో, మసక వెలుగులోంచి ఒక్కొక్కటిగా పురుగులు వచ్చాయి. ఎండుటాకు రంగు రెక్కలు గాలికి తేలే పూరేకుల్లా ఆమె చుట్టూ తిరిగాయి. సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ చేతిని వదల్లేదు.

"నీ వెంటపడేవాళ్ళకి కొదవ లేదే!" అన్నాడు అతను, పంతం మరిచిపోయి.

"పలకరించే దిక్కు లేదని జాలిపడి వచ్చాయి పాపం."

అంతలో ఒక పురుగు ఆమెను వదిలి అతని అరచేతిలో వాలింది. విదిలిస్తే లేచి, మళ్ళీ అక్కడే వాలింది.

"ఇదేంటి? నేను బిళ్ళని ముట్టుకోనే లేదు!"

"గట్టు మీద నన్ను పట్టుకోలేదూ?"

భోజనానికి పిలిచినా అతను చాలాసేపటి దాకా ఆ చెయ్యి కడుక్కోలేదు.