పిట్ట వెళ్ళే సీను

"వెళ్తున్నా," అంది గుండుసూది.

నాటకాల టీచరు కుర్చీలోంచి లేవలేదు. లేస్తే మోకాళ్ళు టకటకమంటాయి. ఆ చప్పుడు ఎలా చెయ్యాలో పిల్లలంతా ఎప్పుడో నేర్చేసుకున్నారు.

"వెళ్ళొస్తా," అని కూర్చునే దిద్దింది. "గూట్లో పిల్లల్ని వదిలి గింజల కోసం వెళ్తున్నావు. అలా వెళ్ళే తల్లి 'వెళ్తున్నా' అంటుందా? 'వెళ్ళొస్తా' అనాలి. ఏదీ, మళ్ళీ."

గుండుసూది అట్టరెక్కలు సర్దుకుంది. రెండో తరగతి. బక్కపలచటి ఒంటిమీద తలకాయ ఒక్కటే కనిపిస్తుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. మాట కూడా గుచ్చుకుంటుందేమో అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. గుచ్చుకోవడానికి అసలు మాటంటూ ఉంటేగా! ఏడాదిగా తరగతిలో హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప పలకదు. విరిగిన బల్లలు పేర్చిన ఈ గదిలో మాత్రం, వారానికి రెండు మధ్యాహ్నాలు, గొంతు విప్పుతుంది.

"వెళ్తున్నా," అంది మళ్ళీ.

గూట్లోంచి పిట్టపిల్ల వేషగాడు తల బయటపెట్టాడు. వాణ్ణి డబ్బా అంటారు. గులకరాళ్ళేసి ఊపినట్టు ఒకటే వాగుడు.

"టీచర్, దానికి 'వస్తా' రాదు టీచర్!"

పిల్లలంతా గొల్లుమన్నారు. అదే సమయానికి గుమ్మంలోకి పెద్ద టీచరు వచ్చింది.

"ఇంకా గూడు దగ్గరే ఉన్నారా? ఎల్లుండే కదండీ ప్రదర్శన! తల్లిదండ్రులంతా వస్తున్నారు. వాళ్ళ ముందు 'వెళ్తున్నా' ఏంటి, అపశకునంగా? రేపటికి ఆ మాట సరిగ్గా అనకపోతే పిట్టని మార్చెయ్యండి."

"ఈ పిల్ల నోరు విప్పేది ఇక్కడొక్కచోటేనండీ."

"తెలుసు. విప్పిన నోటితో ఆ ఒక్కమాటా అనమనండి, చాలు. అవతల లెక్కల మాస్టారు నన్ను తినేస్తున్నారు. హోంవర్కు ఏదిరా అంటే మీ పిల్లలు నాటకాలాడుతున్నారట."

"నేర్పుతున్నది అదేగా," అంది టీచరు నీరసంగా.

పెద్ద టీచరు నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె వెళ్ళిపోయాక టీచరు బంక పూసిన కాగితాల వంక చూస్తూ కూర్చుంది. ఎన్ని బళ్ళు తిరిగింది, ఎన్ని అట్టకిరీటాలు అతికించింది! పిల్లలు పెరుగుతారు, వెళ్తారు, బజార్లో కనిపిస్తే పోల్చుకోరు. దానికి అలవాటు పడింది. ఈ పిల్ల సంగతే వేరు. వేషం తీసేస్తే ఆ నోరు మళ్ళీ మూతబడుతుంది. ఈసారి మూతబడితే తెరిచేదెవరో!

సాయంత్రం గుండుసూదిని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాయనమ్మ వచ్చింది. పిల్ల సంచీ సర్దుకుంటుంటే టీచరు ఆమెను వరండా చివరికి తీసుకెళ్ళి, పిల్ల 'వెళ్ళొస్తా' ఎందుకనదని అడిగింది.

"అదా తల్లీ," అని ఆవిడ గొంతు తగ్గించింది. "పోయిన ఎండాకాలం మా కోడలు పుట్టింటికని బయల్దేరింది. దీని బుగ్గ నిమిరి 'వెళ్ళొస్తా' అనే అంది. ఇప్పుడు ఫోను కూడా ఎత్తదు. ఆ మాట వినబడితే చాలు, ఇది వెళ్ళి మంచం కింద దూరుతుంది. మేమూ అనడం మానేశాం. మా అబ్బాయి పనికెళ్తూ దొంగలా చెప్పులేసుకుని జారుకుంటాడు."

"నాకు ముందే చెప్పాల్సిందమ్మా."

"ఏమని చెప్పను? ఎవరన్నా అడిగితేగా!"

మర్నాడు టీచరు మిగతా పిల్లలకు కొమ్మలకు రంగులెయ్యమని చెప్పి, గోడ పట్టుకుని మెల్లగా గుండుసూది పక్కన నేలమీద చతికిలబడింది.

"పిట్ట తిరిగి రాదుగా," అంది గుండుసూది, టీచరు అడక్కముందే. "మీరే రాశారు. పిల్లలు చూసిచూసి వాటంతట అవే ఎగరడం నేర్చుకుంటాయి. మరి 'వెళ్ళొస్తా' అంటే అబద్ధం కాదా?"

"చివర ఏమవుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు. పిట్టకి తెలీదుగా. గాలివాన వస్తుందని దానికెవరు చెప్పారు? వస్తాననుకునే అంటుంది. నాటకమంటే అదే. చివర తెలిసి కూడా తెలియనట్టు నిలబడాలి."

ఎందరు పిల్లలకో చెప్పి అరిగిపోయిన పాఠమది. గుండుసూది ఆమె వైపు తిరిగింది.

"పిట్ట స్వెట్టరు తీసుకెళ్ళిందా?"

"స్వెట్టరా?"

"మా అమ్మ తీసుకెళ్ళింది. అప్పుడు ఎండలు."

మీ అమ్మకీ తెలీదేమోలే అన్న ఓదార్పు టీచరు నాలుక చివరిదాకా వచ్చేసింది. దాన్ని మింగేసింది. ఈ పిల్లకి అన్నీ తెలుసు. తెలిసే, ఆ మాటను పళ్ళ వెనక బిగబట్టింది.

"లేదు," అంది చివరికి. "పిట్ట ఏమీ తీసుకెళ్ళలేదు. వట్టి రెక్కలతో వెళ్ళింది."

"తినడానికి?"

"ఉన్న గింజలు కూడా గూట్లోనే వదిలింది."

"ఒట్టు?"

"రాసింది నేనే కదే."

గుండుసూది లేచి గౌను దులుపుకుంది. "అయితే పాపం దానికి నిజంగానే తెలీదు," అంది. 'వెళ్ళొస్తా' పలికి చూపించమని టీచరు అడగలేదు. పెద్ద టీచరు అడిగితే మాత్రం, "వచ్చేసిందండీ," అని చెప్పేసింది. చెప్పేసి రాత్రంతా నిద్రపట్టక దొర్లింది.

ప్రదర్శన రోజు హాలు కిక్కిరిసింది. పిట్ట గూటి అంచుకి వచ్చింది. తెర పక్కన నిలబడి టీచరు చూస్తోంది. గుండుసూది రెండు చేతులూ చాపి, ఖాళీ అరచేతులు గూట్లోని పిల్లలకు చూపించింది. అలా చెయ్యమని ఎవరూ నేర్పలేదు.

"వెళ్ళొస్తా," అంది. హాలు చివరి బెంచీదాకా వినిపించింది.

"తొందరగా రావే!" అని అరిచాడు డబ్బా, నాటకంలో లేని మాట. జనం నవ్వారు. పిట్ట తెరచాటుకు వెళ్ళగానే ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

రేకు ఊపి గాలివాన తెప్పించారు. పిట్టపిల్లలు ఎదురుచూశాయి, పడ్డాయి, లేచాయి, ఎగిరాయి. చప్పట్లు మోగాయి. వేషాలు వేసినవాళ్ళంతా నమస్కారం పెట్టడానికి వరసకట్టారు.

"పద, నువ్వూ వెళ్ళాలి," అంది టీచరు.

"నేను రాను."

"అదేంటే?"

"ముందు వరసలో ఒకటో క్లాసు వాళ్ళున్నారు టీచర్. నన్ను చూస్తే పిట్ట వచ్చేసిందనుకుంటారు."

ఇన్నేళ్ళ నాటకాల్లో చచ్చిపోయినవాళ్ళూ దేశం విడిచిపోయినవాళ్ళూ అందరూ చివర్లో వచ్చి పళ్ళికిలిస్తూ నిలబడ్డారు. ఇదేంటని ఒక్క పిల్లా అడగలేదు. అవతలి తెర పక్క నుంచి పెద్ద టీచరు, పిల్లని పంపమని చెయ్యి ఊపుతోంది. నాటకాల టీచరు చూడనట్టు తల తిప్పుకుని, అక్కడున్న స్టూలుమీద కూలబడింది.

"చప్పట్లు నాక్కూడానా?" గుసగుసగా అడిగింది గుండుసూది.

"నీక్కూడా."

"ఇక్కడికి వినబడుతున్నాయిలే," అని ఆమె మోకాలికి ఆనుకుని నిలబడింది.