యేసోబుకి వినపడిన మాట

నేను ఒక మైకుని. సభల్లో నాయకుల మూతుల ముందు నిలబడే జాతి కాదు. చొక్కాకి తగిలించుకునే, చిటికెన వేలంత దాన్ని. ఫ్యాక్టరీలో ఎవరో "హలో" అని చూసి, పనిచేస్తున్నానని డబ్బాలో పెట్టారు. నాతో మనిషి మాట్లాడింది ఆ ఒక్కసారే. తర్వాత అందరూ నాలోకి మాట్లాడినవాళ్ళే.

మొదటి యజమాని తెనాలిలో బిర్యానీల మీద వీడియోలు తీసేవాడు. నమిలే చప్పుడంతా నాకు. చూసేవాళ్ళు పెరగలేదు, ఆయన పొట్ట పెరిగింది. విసుగెత్తి నన్ను చెల్లెలు సుజనమణి టీచరుకి ఇచ్చేశాడు.

ఎనిమిదో తరగతి పిల్లలతో పాడ్‌కాస్ట్ చేయించాలని ఆవిడ పట్టుదల. రేడియో కార్యక్రమం లాంటిదే. పిల్లలే రాసి, పిల్లలే మాట్లాడి, ఫోన్లలో అందరికీ వినిపించేది. మొదటి గొంతుగా దీవెనని ఎంచింది. తరగతిలో నోరు విప్పని పిల్ల. నన్ను తగిలించగానే ముందు దాని గుండె దడ వినపడింది, ఆ తర్వాత గొంతు. అంత నిండైన గొంతు నాలోంచి ఎన్నడూ పోలేదు.

మర్నాడు మళ్ళీ నన్ను దీవెన మెడ దగ్గర తగిలించారో లేదో, దాని తండ్రి యేసోబు గుమ్మంలోకి వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే మనిషి.

"ఎవురండీ నా పిల్లని పాడు క్యాస్టు అన్నది?"

టీచరు బిత్తరపోయింది.

"'నానా, బళ్ళో పాడు క్యాస్టు చేత్తన్నారు, ముందు నన్నే నిలబెట్టారు' అని మురిసిపోతా చెప్పింది, పిచ్చిది. మాది పాడు క్యాస్టా? అది మళ్ళీ మైకులో చెప్పిత్తారా?"

తరగతి ఘొల్లుమంది. టీచరుకీ నవ్వు ఆగలేదు. యేసోబు నల్లబడిన ముఖంతో కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక బడీ లేదు, గిడీ లేదు. పదవే!"

టీచరు ఫోనులోంచి నా వైరు ఊడింది. దీవెనతో పాటు నేనూ వెళ్ళిపోయాను.

సాయంత్రం టీచరు దీవెన వాళ్ళింటికి వచ్చింది.

"మైకు కోసమా? తీసుకుపొండి," అన్నాడు యేసోబు.

"నవ్వినందుకు వచ్చానండీ. ఆ మాట ఇంగ్లీషుది, కులం ఊసే లేదు అందులో. కానీ అది మీకు అట్లా వినపడిందంటే, తప్పు మీ చెవులది కాదు."

దీవెన నన్ను తీసి తండ్రి చొక్కాకి తగిలించింది. వైరు టీచరు ఫోనుకి గుచ్చింది.

"నానా, బళ్ళో నిన్ను ఏమని పిలిచేవోళ్ళు?"

"ఆపెయ్యవే దాన్ని."

ఆపలేదు. ఆయన వేలితో నన్ను ఒకసారి తడిమి చూశాడు.

"పేరు పెట్టి పిలవలా. అందుకే బడి మానేశా." గొంతు సవరించుకున్నాడు. "ఇది ఎవురికి వినపడుద్ది?"

"అందరికీ."

"అయితే సరిగ్గా పట్టు. నా పేరు యేసోబు."

మర్నాడు దీవెన బడికొచ్చింది. ఆ మాటల్ని తానే తరగతిలో వినిపించింది. అప్పటికే నన్ను అలమరలో పెట్టి తాళం వేశారు. తలుపు సందులోంచి విన్నాను. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

ఇప్పుడు పిల్లలు నేరుగా ఫోనులోకే మాట్లాడుతున్నారు. నేను చుట్టిన చార్టుల పక్కన పడి ఉన్నాను. యేసోబు పేరు ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. నా గుండానే పోయింది. నా దగ్గర మాత్రం ఒక్క అక్షరమూ ఆగలేదు.