లావుపాటి బాణం

చేపల పులుసు దించుతుంటే హాల్లోంచి మళ్ళీ అదే పేరు. "మా భాగ్యరేఖ బుర్రే బుర్ర!" అంటున్నాడు మనోజ్‌కుమార్. ఈ వానాకాలమంతా ఆ పొగడ్త వినీ వినీ రజనీకుమారి చెవులు కాలిపోయాయి. ఇవాళ ఏకంగా తన సెక్షన్లో పనిచేసే ఆ పిల్లనే రిసాలిలోని స్టీలు ప్లాంటు క్వార్టరుకి భోజనానికి పిలుచుకొచ్చాడు.

మొగుడి మీద అనుమానం కాదు. అదైతే ఇంత మండేది కాదు. ఆ పిల్ల ఒళ్ళోని ల్యాప్‌టాప్‌ని చూస్తే మంట. పనిలో పడి తిండి కూడా మరిచిపోగల ఆ తీరికని చూస్తే మంట. ఎం.టెక్.లో రజని చేసిన పనే అది. తీరా ప్లాంటులో ఉద్యోగమొస్తే, "ఇద్దరూ డ్యూటీలకెళ్తే ఇంట్లో దీపం ఎవులెడతారే?" అంది అత్తగారు సూర్యావతి. మనోజ్ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనానికే రజని ఇన్నేళ్ళుగా వండి పెడుతోంది.

వడ్డిస్తూ స్క్రీన్ వైపు చూసింది. ఫర్నేసు మీటర్లన్నీ చుక్కలు. ఒకదాంట్లో వచ్చిన మార్పు కాసేపటికి దేనికి పాకుతుందో చెబుతూ మధ్యలో బాణాలు. గ్యాసు వేడి నుంచి కరిగిన ఇనుము వేడికి లావుపాటి బాణం.

"గ్యాసు చల్లబడితే కాసేపటికి ఇనుమూ చల్లబడుతోంది దీదీ. సోమవారం జీఎం గారికి చూపిస్తాను," అంది భాగ్యరేఖ మెరిసిపోతూ.

తప్పు. వానకి ఫర్నేసులో వేసే కోక్ బొగ్గు తడిస్తే రెండూ చల్లబడతాయి, గ్యాసు ముందు, ఇనుము తర్వాత. ముందు మారినంత మాత్రాన అదే కారణమైపోదు. అసలు కోక్ తడి ఆ బొమ్మలోనే లేదు. రజని చెప్పకూడదనుకుంది. సోమవారం అందరి ముందూ ఆ మొహం వాడిపోవడం తలుచుకుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంది.

"అలా చూస్తావేటి? నీకు అర్థమయ్యేదా అది? అన్నం తే," అని నవ్వాడు మనోజ్.

భాగ్యరేఖ నవ్వలేదు. పక్క కుర్చీలో బ్యాగు తీసేసి, "బైఠియే దీదీ," అంది.

కోపం ఆ పిల్ల మీంచి జారిపోయింది. అసూయ మాత్రం కదల్లేదు. రజని చెయ్యి కొంగుకి తుడుచుకుని కూర్చుంది.

"కోక్ తడి రీడింగులు కూడా వేసి, మళ్ళీ గియ్యి."

గీసింది. లావుపాటి బాణం మాయమైంది. కోక్ నుంచి రెండు కొత్తవి మొలిచాయి. భాగ్యరేఖ నోరు తెరుచుకుని చూసింది.

"అన్నం?" అన్నాడు మనోజ్.

"కుక్కర్లో ఉంది, పెట్టుకోండి," అంది రజని తలెత్తకుండా. తర్వాత భాగ్యరేఖతో అంది: "నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉంది తల్లీ. సోమవారం నేనూ వస్తాను. నాకు ఉద్యోగం కావాలని జీఎం గారిని నేనే అడుగుతాను."